ఊరంతా కలిసి తీసిన సినిమా

మొన్న ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయి, కాస్త నడుం వాలుద్దామని చాప పరుచుకుంటూ ఉండగా వీధిగుమ్మంలో ఎవరో "మేడమ్!" అని పిలిచారు. తీరా వెళ్ళి చూద్దును గదా, రెండేళ్ళ కిందట మా కాలేజీలో బి.ఏ. పూర్తిచేసిన కుర్రాడు. చేతిలో రసీదు పుస్తకం. వినాయకచవితి చందా కాబోలు అనుకున్నాను. కాదట. సినిమా తీస్తున్నాడట!

"హీరో ఎవరు?" అని అడిగాను. మనమెవరమైనా ముందు అడిగేది అదే కదా!

"మా ఊళ్ళో మగ్గం నేసే తాత, మేడమ్" అన్నాడు.

"మరి నిర్మాత?"

"మీరే" అన్నాడు, రసీదు పుస్తకం ముందుకు చాపి.

ఉన్నమాట చెప్పొద్దూ, నాకు కాస్త చిరాకే వేసింది. అసలే నెలాఖరు. "వచ్చే నెల చూద్దాంలే నాయనా" అన్నాను. ఆ అబ్బాయి మంచినీళ్ళు పుచ్చుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. వసారాలో కూర్చున్న మా అత్తగారు ఇదంతా విన్నారు. "ఏమైనా ఇచ్చావుటే అమ్మాయ్?" అని అడిగారు. లేదన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. అత్తగారు ఏమీ అనకపోవడం ఎంతమాట అనడమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మరింక నిద్ర ఎక్కడిది? పడుకుని కళ్ళు మూసుకుంటే ఒక గాడిద కనిపించడం మొదలుపెట్టింది.

నవ్వకండి. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో ఒక ఫిలిం సొసైటీవాళ్ళు 'అగ్రహారత్తిల్ కళుదై' అనే తమిళ చిత్రం చూపించారు. అంటే 'అగ్రహారంలో గాడిద' అన్నమాట. 1977 నాటిది. అందులో ఒక కాలేజీ ప్రొఫెసరు తల్లి చచ్చిపోయిన గాడిదపిల్లను చేరదీస్తాడు. కాలేజీలో అందరూ నవ్వుతారు. చివరికి దాన్ని తీసుకెళ్ళి అగ్రహారంలో ఉన్న తల్లిదండ్రుల ఇంట్లో వదిలిపెడతాడు. ఒక మూగపిల్ల దాన్ని సాకుతూ ఉంటుంది. ఊళ్ళో ఏ చెడు జరిగినా నింద గాడిద మీదికే పోతుంది. ఆఖరికి దాన్ని చంపేస్తారు. చంపిన తరవాత ఏవో మహిమలు కనిపించాయని దానికే గుడి కట్టాలంటారు! అవసరం పడితే వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడని మనకొక సామెత ఉంది గదా. ఈ ఊరివాళ్ళు చంపి మరీ పట్టుకున్నారు.

ఆ చిత్రాన్ని ఆక్షేపించినవారూ ఉన్నారు, మెచ్చుకున్నవారూ ఉన్నారు. ఉత్తమ తమిళ చిత్రంగా దానికి జాతీయ బహుమతి వచ్చింది. తీసినవాడు మాత్రం తమిళుడు కాడు. పేరు జాన్ అబ్రహాం. 1937లో పుట్టిన మలయాళీ. హిందీ సినిమాల్లో ఇదే పేరుగల నటుడొకాయన ఉన్నాడు, ఆయన వేరు.

ఈ జాన్ మొదట జీవితబీమా సంస్థలో ఉద్యోగి. ఎల్.ఐ.సి. ఉద్యోగమంటే తెలుసుగా, ఆ ఉద్యోగమున్న అల్లుడు దొరికితే చాలని మొక్కుకునే ఇళ్ళు ఎన్నో! అది మానేసి పూనా ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. అక్కడ గురువు ఋత్విక్ ఘటక్. చదువయ్యాక మణి కౌల్ తీసిన 'ఉస్కీ రోటీ'కి సహాయకుడుగా పనిచేశాడు. తన మొదటి చిత్రం 1972లో తీశాడు. తరవాత ఈ గాడిద చిత్రం. 1979లో 'చెరియాచన్ క్రూరకృత్యాలు' అని అర్థం వచ్చే పేరుతో మరొక మలయాళ చిత్రం. ఆ తరవాత ఏడేళ్ళదాకా ఇంకో చిత్రం లేదు.

ఎందుకు లేదంటే, సినిమాకి కావలసినది డబ్బు. కథ కాగితం మీద రాసుకోవచ్చు, పాట గొంతులో పాడుకోవచ్చు. సినిమాకి మాత్రం ముడిఫిలిం కొనాలి, కెమెరా అద్దెకు తేవాలి, పదిమందికి భోజనం పెట్టాలి. ఇంత డబ్బు పెట్టినవాడు "నా డబ్బు నాకు రావాలి గనక నేను చెప్పినట్టు తియ్యి" అంటాడు. అనడంలో తప్పూ లేదు. నా డబ్బయితే నేనూ అంటాను.

ఈ చిక్కుకి జాన్ వెతుక్కున్న దారి వినండి. 1984లో కోళిక్కోడ్‌లో మిత్రులతో కలిసి ఒక సంఘం పెట్టాడు. పేరు 'ఒడెస్సా'. ఐసెన్‌స్టీన్ తీసిన 'బాటిల్‌షిప్ పొటెంకిన్'లో సైనికులు జనం మీద కాల్పులు జరిపే ఆ మెట్లు ఉన్న ఊరి పేరు అది. వీళ్ళు ఒక నిర్మాత దగ్గరికి పోకుండా ఊళ్ళమీద పడ్డారు. వీధినాటకాలు ఆడారు. డప్పు కొట్టి జనాన్ని పోగుచేసి చాప్లిన్ తీసిన 'ది కిడ్' చూపించారు. చూసినవాళ్ళు ఇచ్చినంత పుచ్చుకున్నారు. ఇలా చిన్నచిన్న చందాలతో తయారైనది 1986లో వచ్చిన 'అమ్మ అరియాన్'. మన మాటల్లో, 'అమ్మకు తెలియజేయడానికి'.

కథ కూడా ఆ చందాలాంటిదే సుమండీ. పురుషన్ అనే యువకుడు చదువుకోసం ఢిల్లీకి బయలుదేరుతూ, ఉత్తరాలు రాస్తానని తల్లికి మాట ఇస్తాడు. దారిలో ఆత్మహత్య చేసుకున్న ఒక కుర్రాడి శవం కంటబడుతుంది. ఎక్కడో చూసిన ముఖం. ఇంక ప్రయాణం సాగదు. అతనెవరో తెలుసుకుని, ఈ కబురు అతని తల్లికి చెప్పాలని కొచ్చిన్ వైపు నడక. ఒక్కడు ఇద్దరవుతారు, ఇద్దరు పదిమందవుతారు. దారిపొడవునా ఎన్నో ఇళ్ళు, ఎందరో తల్లులు. కొచ్చిన్ చేరేసరికి ఒక పెద్ద గుంపు ఆ తల్లి గుమ్మం ముందు నిలబడుతుంది.

సుఖంగా చూసే సినిమా కాదది. ఓపిక కావాలి. జాన్ జీవితమూ ఆదర్శంగా చెప్పుకోదగ్గది కాదు. ఇల్లూ వాకిలీ పట్టని మనిషి. తాగుడు అలవాటుంది. ఆ చిత్రం వచ్చిన మరుసటి ఏడే, 1987 మే 31న, కోళిక్కోడ్‌లో మేడమీదినుంచి పడి చనిపోయాడు. యాభై ఏళ్ళు కూడా నిండలేదు. పదిహేనేళ్ళలో తీసిన పెద్ద చిత్రాలు నాలుగే నాలుగు. మా పిల్లలెవరైనా ఇలా బతుకుతామంటే నేను ఒప్పుకోను. ఏ తల్లీ ఒప్పుకోదు.

కాని ఆ నాలుగో చిత్రం తీసిన తీరు చూస్తే నాకొకటి తోస్తుంది. ఇలాంటివారిని స్వతంత్ర దర్శకులు అంటాం గదా. స్వతంత్రుడంటే ఎవరిమీదా ఆధారపడనివాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అలాంటివాడు లోకంలో ఎక్కడా ఉండడు. స్వతంత్రుడంటే ఒక్కడి మీదే ఆధారపడనివాడు. లక్ష ఇచ్చిన ఒక్కడి మాట తోసెయ్యడం కష్టం. రూపాయి చొప్పున ఇచ్చిన లక్షమంది మాట వింటూనే, తనకు తోచినట్టు తీసుకోవచ్చు.

సాయంత్రం కాఫీ తాగుతూ ఇదంతా మా అత్తగారికి చెప్పాను. ఆవిడ గ్లాసు కింద పెట్టి, "ఇందులో కొత్తేముందే? మా చిన్నతనంలో తోలుబొమ్మలాటవాళ్ళు వస్తే ఇంటికింత బియ్యం వేసేవాళ్ళం. రాత్రి తెల్లవార్లూ ఆడేవాళ్ళు. ఆట నచ్చలేదు, నా బియ్యం నాకిమ్మని ఎవరూ అడగలేదు" అన్నారు. అని, కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన వందరూపాయల నోటు నా చేతిలో పెట్టారు. "ఆ అబ్బాయికి ఫోను చెయ్యి."

ఎం.ఏ. చదివిన నేను నాలుగు సినిమాలు తిరగేసి తెలుసుకున్నది, ఆవిడ ఒక గిద్దెడు బియ్యంతో తెలుసుకున్నారు!

మర్నాడు ఆ అబ్బాయి వచ్చాడు. ఇవాళ కెమెరా అద్దె బాధ అంతగా లేదట, ఫోనులోనే తీస్తున్నాడట. శబ్దం పట్టే సామానుకీ, మనుషుల తిండికీ, రానుపోను ఖర్చులకీ డబ్బు కావాలట. నెలాఖరైనా నేనూ వెయ్యి రూపాయలు ఇచ్చాను. అత్తగారి పేర వందకు వేరే రసీదు రాశాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రసీదు చదువుకుని, "అయితే అబ్బాయ్, చివరికి ఆ తాత బతికే ఉంటాడా?" అని అడిగారు.

"ఆఖరి సీను ఇంకా రాయలేదు, మామ్మగారూ."

"అయితే బతికించు. నా వందరూపాయలకీ అదొక్కటే షరతు."

చూశారా, రసీదు మీద సిరా ఆరకముందే నిర్మాతగారికి అధికారం వచ్చేసింది! ఆ అబ్బాయి నావంక చూసి నవ్వాడు. వంద రూపాయల షరతు గనక, వినాలో మానాలో అతని ఇష్టం.