నాలుగో స్థానం చిన్నదేమీ కాదు

1956 అనగానే మనకు గుర్తొచ్చేది నవంబరు 1, ఆంధ్రప్రదేశ్ అవతరణ. ఆటల మీద మక్కువ ఉన్నవారైతే ఆ ఏడాది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో పాకిస్తాన్ మీద 1-0తో గెలిచిన హాకీ స్వర్ణం చెబుతారు. అదే మెల్‌బోర్న్‌లో మన ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానంలో నిలిచిందనీ, దాన్ని తీర్చిదిద్దినది ఒకప్పుడు బడిపంతులుగా పనిచేసిన హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీం గారనీ ఎందరికి తెలుసు? సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టులో ఉన్నాడు. అప్పటికి మన ఈడువాడే!

"ఒక్క మ్యాచ్ గెలిచి నాలుగో స్థానమా?" అని హాస్టల్లో ఓ మిత్రుడు వెక్కిరించాడు. నిజమే, హంగరీ తప్పుకోవడంతో మొదటి రౌండు ఆడకుండానే గట్టెక్కాం. కానీ డిసెంబరు 1న ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించాం. అందులో మూడు గోల్స్ నెవిల్ డిసౌజావి. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద ముందు గోలు కొట్టింది కూడా మనమే. చివరికి 1-4తో ఓడాం. కాంస్యం ఆట బల్గేరియాకు పోయింది.

సైన్సు విద్యార్థిని కనుక నాకిక్కడ ఒక లెక్క కనబడుతోంది. 1952 హెల్సింకిలో ఇదే యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తు చేసింది. మనవాళ్లు పలువురు వట్టికాళ్లతో ఆడారు. అప్పుడూ కోచ్ రహీం గారే. అంత ఓటమి తర్వాత కూడా ఆయన 1956లో జట్టు వెంట ఉన్నారు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ స్వర్ణం గెలిచినప్పుడూ ఉన్నారు. అంటే పదేళ్లు!

మరి మన సంగతి? జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల రైతుబిడ్డలకు ఆటంటే సంక్రాంతి కబడ్డీ, మొక్కజొన్న కోసిన చేలో వాలీబాల్. నాన్న దుక్కి మొదలెట్టిన రోజున మా కోర్టు పోతుంది. కాలేజీకొస్తే అయినా గ్రౌండు దొరుకుతుందనుకుంటాం. వార్షికోత్సవం వారం ముందు సున్నం గీతలు పడతాయి, తర్వాత గడ్డి మొలుస్తుంది. బయట పోటీల్లో ఓడివస్తే "పల్లెటూరి కుర్రాళ్లు, వీళ్లకేం వస్తుంది" అనే మాట. పొగాకు నారు పోసిన మర్నాడే ఆకు కొట్టే రైతును నేను చూడలేదు.

మేం కట్టే గేమ్స్ ఫీజును కప్పులకు, శాలువలకు కాక, రోజూ సాయంత్రం రెండు గంటలు నేర్పే ఒక మనిషికి ఖర్చు పెట్టమని యూనియన్ వారిని కోరుతున్నాను. అమ్మాయిలకూ అందులో వాటా ఉండాలి. వచ్చే ఏడు మేం ఓడిపోయి వచ్చినా సరే, ఆయన్ని మార్చకండి.