డబ్బా నిండాక పరీక్షించండి

మా వదినకు ఆయాసం. కోల్‌కతా దగ్గరి బడ్జ్ బడ్జ్‌లో హుగ్లీ ఒడ్డున ఉన్న జూట్ మిల్లులో ఇరవై రెండేళ్లుగా గోనెసంచుల అంచులు కుట్టింది. మిల్లులో పీల్చిన దుమ్ము చాలదన్నట్టు, ఇంటికొచ్చి చీపురు పడితే ఆ రాత్రికి నిద్ర ఉండదు. దిండ్లు నిలబెట్టి వాటికి ఆనుకుని కూర్చుంటుంది. ఇన్హేలర్ చేతిలోనే ఉంటుంది. చీపురు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని నిరుడు పూజల ముందు అన్నయ్య, నేను, మేనల్లుడు తలా కొంత వేసుకుని వైరు లేని కర్ర వాక్యూమ్ క్లీనర్ ఒకటి తెప్పించాం. ఏడున్నర వేలు. మిల్లు లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరుసల్లో ఉండే వాళ్లకు ఏడున్నర వేలంటే ఎంతో మళ్లీ చెప్పక్కర్లేదు.

పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 25,000 పాస్కల్స్ అని ఉంది. దాని కింద 45 నిమిషాలు. ఇంకా కింద "హెపా తరహా ఫిల్టర్". ఆ మూడు మాటల్ని నమ్మి డబ్బు కట్టాం. ఆ మూడూ మమ్మల్ని మోసం చేశాయి. ఎలా మోసం చేశాయో విడమరిచి చెప్పకపోతే ఈ దీపావళికి ఇంకో ఇంటివాళ్లు ఇదే డబ్బు పోసి కొంటారు. అందుకే రాస్తున్నాను.

మా ఇంటి నేల ఎర్ర సిమెంటు గచ్చు. తాతల నాటిది, అరిగి నున్నబడింది. గడప దగ్గర జానెడు పగులు. గోడకీ నేలకీ మధ్య వేలి మందం సందు. ఈ నేల మీద పడేది కూడా ఒక రకం దుమ్ము కాదు. నది ఒడ్డు ఒండ్రు ఎండి లేచే మెత్తని మట్టి ఉంటుంది, బొగ్గు నుసి ఉంటుంది, ఈ రెంటినీ మించి జనుము పీచు ఉంటుంది. మిల్లులో నారను మెత్తబరచడానికి నీళ్లలో నూనె కలిపి చల్లుతారు. జూట్ బ్యాచింగ్ ఆయిల్ అంటారు, హల్దియా రిఫైనరీలో తయారవుతుంది. ఆ నూనె పట్టిన పీచే చీరకీ జుట్టుకీ అంటుకుని ఇంటికొస్తుంది. అది ఎగరదు, నేలను పట్టుకుంటుంది. మిల్లు లైన్లలో ఏ ఇల్లు ఊడ్చినా చేటలో బూడిదరంగు ఉండ ఒకటి కనిపిస్తుంది. అదే ఇది.

ఒక ఆదివారం మిల్లు సెలవు. వదినను బయట మంచం మీద కూర్చోబెట్టి నేనే పరీక్ష పెట్టాను. గుప్పెడు బియ్యం, ఒక గ్లాసు సన్న ఇసుక, నాలుగు చెంచాల గోధుమపిండి. వాటితో పాటు వదిన పనిచీర కొంగు దులిపితే రాలిన పీచు. బ్యాటరీ నిండుగా ఎక్కించాను. ఫిల్టర్ కొత్తది.

బియ్యం దగ్గరే అసలు సంగతి బయటపడింది. దాని నోట్లో తిరిగే బ్రష్షుకు గట్టి నైలాన్ కుచ్చులున్నాయి. అవి తివాచీ పోగుల్లో దూరి దుమ్ము రేపడానికి పనికొచ్చేవి. మా గచ్చు మీద అవి గింజల్ని పీల్చుకోలేదు, కొట్టాయి. సగం గింజలు గోడవారకి ఎగిరిపడ్డాయి. ముందు వైపు నోరు నేలకు ఆనుకుని మూసుకుపోయి ఉండటంతో మిగిలిన వాటిని లోపలికి రానివ్వకుండా ముందుకు తోసుకుపోయింది. గట్టి నేలకు మెత్తని గుడ్డ రోలర్ కావాలి. అది మాకిచ్చిన పెట్టెలో లేదు, విడిగా కొనాలట. మా ఊళ్లో తివాచీ ఉన్న ఇల్లు ఎక్కడ చూశారు వీళ్లు? శ్రీకాకుళం నుంచి సియాల్దా దాకా మన జనం కాలు పెట్టేది గచ్చు మీద, మొజాయిక్ మీద, టైల్స్ మీద. అలాంటి వాళ్లకు తివాచీ బ్రష్షు ఇచ్చి, నేలకి పనికొచ్చే దానికి మళ్లీ డబ్బు అడుగుతున్నారు.

పిండి మీద నడిపితే మధ్యలో దారి పడింది, రెండు పక్కలా తెల్లని గట్లు మిగిలాయి. పగుల్లో పోసిన ఇసుక పగుల్లోనే ఉంది. అయిదుసార్లు తిప్పాను. పీచు మాత్రం లోపలికి పోయింది, కానీ డబ్బాలోకి కాదు. స్పిన్నింగ్‌లో బాబిన్‌కు దారం చుట్టుకున్నట్టు బ్రష్షు చుట్టూ బిగుసుకుంది. బ్రష్షు తిరగడం ఆగిపోయింది. కత్తెరతో కోసి తీశాను. పన్నెండో నిమిషంలో ఎర్రలైటు వెలిగింది, మోటారు మూలిగి ఆగింది.

అన్యాయంగా మాట్లాడను. మంచం కింద వెంట్రుకలు, ఎండుటాకులు, కాగితం ముక్కలు బాగానే ఎత్తింది. నా గొడవ వాటి గురించి కాదు.

చివరగా ఒక పని చేశాను. చేతి దగ్గర, పిడికి కాస్త కింద, గాలి బయటికి వచ్చే చిల్లులున్నాయి. తెల్ల జేబురుమాలు తడిపి ఆ చిల్లులకు కట్టి ఇంకోసారి పిండి మీదా నేల మీదా నడిపాను. విప్పి చూస్తే గుడ్డ మీద బూడిదరంగు మచ్చ, చిల్లుల వరుస ఎలా ఉందో అలాగే అచ్చు గుద్దినట్టుంది. ఆ చిల్లులు మా వదిన ముఖం వైపే గాలి వదులుతాయి. అంటే ఇది నేల మీద దుమ్మును తీసి నేరుగా ఆమె ముక్కులోకి పంపుతోంది. చీపురైనా దుమ్మును కాళ్ల దగ్గరే లేపుతుంది.

ఆ రుమాలు పట్టుకుని కూర్చుంటే నాకు ఈ యంత్రం పుట్టుక గుర్తొచ్చింది. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజినీరు దుమ్మును ఊదే యంత్రాన్ని చూసి, ఊదడం కాదు పీల్చాలి అనుకున్నాడు. తన ఆలోచన నిజమో కాదో తేల్చుకోవడానికి కుర్చీ మీద జేబురుమాలు పరిచి, నోరు ఆనించి గాలి లోపలికి పీల్చాడు. ఊపిరాడక దగ్గాడు, కానీ గుడ్డ అడుగున దుమ్ము మచ్చ చూసి నమ్మాడు. మొదటి పరీక్ష మనిషి ఊపిరితో జరిగింది. ఆ తర్వాత అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అనే ఆయన ఒక దుకాణంలో నేల ఊడ్చే ఉద్యోగి. ఆయనకు ఆయాసం. ఊడ్చినప్పుడల్లా దగ్గు. ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి చేత్తో మోయగల యంత్రం చేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. ఆ పేటెంటునే హూవర్ కుటుంబం కొనుక్కుని ప్రపంచమంతా అమ్మింది.

ఆయాసంతో ఊడ్చే మనిషి తన ఊపిరి కాపాడుకోవడానికి చేసుకున్న వస్తువు ఇది. నూట పదేళ్లు దాటాక అదే ఆయాసంతో ఊడ్చే మా వదిన ముఖం మీదికి దుమ్ము ఊదుతోంది. నాకు కోపం రాదా?

ఇప్పుడు ఆ 25,000 సంగతి. కొబ్బరిబొండంలోంచి స్ట్రా తీసి, అడుగు కొస వేలితో మూసి పీల్చండి. బుగ్గలు లోపలికి పోతాయి, బలమంతా మీ నోట్లో ఉంటుంది, ఒక్క చుక్క రాదు. పాస్కల్ లెక్క అలాంటిదే. గొట్టం మూతి పూర్తిగా మూసేసినప్పుడు లోపల పుట్టే లాగుడు అది. దుమ్మును కదిలించేది ప్రవహించే గాలి. మూతి నేల మీద పెట్టి నడిపితే గాలి పారుతుంది, ఆ లాగుడు పడిపోతుంది. లాగుడూ ప్రవాహమూ కలిపి చెప్పే కొలత ఒకటుంది, ఎయిర్ వాట్ అంటారు. చవక యంత్రాల పెట్టెల మీద అది వెతకండి. మా పెట్టె ఆరు పక్కలా వెతికాను, లేదు.

45 నిమిషాల లెక్క ఇంకా సులువు. బ్యాటరీ మీద 21.6 వోల్టులు, 2200 మిల్లీ ఆంపియర్ అవర్ అని రాసుంది. గుణిస్తే 47.5 వాట్ అవర్లు. 45 నిమిషాలు నడవాలంటే మోటారు 63 వాట్లకు మించి తినకూడదు. అదే పెట్టె మీద మోటారు 200 వాట్లని వాళ్లే రాసుకున్నారు. 200 వాట్లతో 14 నిమిషాలకు ఖాళీ. అంటే 25,000 పాస్కల్స్ ఒక మోడ్‌లో, 45 నిమిషాలు ఇంకో మోడ్‌లో. రెండూ పక్కపక్కన అచ్చు వేసి ఒకేసారి దొరుకుతాయని నమ్మించారు. ఇది పొరపాటున జరిగేది కాదు.

"హెపా తరహా" అనే మాటకు అర్థమే లేదు. హెపా హెచ్13 అంటే 99.95 శాతం సన్న దుమ్మును ఆపాలని లెక్క ఉంది. తరహాకు లెక్క లేదు. పాల తరహా నీళ్లను పాలని అమ్మితే ఊరుకుంటామా?

పరీక్షలు లేవా అంటే, ఉన్నాయి. యూరప్‌లో 2014 సెప్టెంబరు 1 నుంచి వాక్యూమ్ క్లీనర్లకు లేబుల్ తప్పనిసరి చేశారు. తివాచీ మీద ఎంత ఎత్తుతుంది, గట్టి నేల మీద ఎంత ఎత్తుతుంది, వెనక నుంచి ఎంత దుమ్ము వదులుతుంది అని విడివిడి గ్రేడ్లు. గట్టి నేల పరీక్షకు పలకలో సందు కోసి మరీ అందులో దుమ్ము పోస్తారు, మా గడప పగులు లాగే. కానీ పరీక్ష ఖాళీ డబ్బాతో చేసేవారు. డబ్బా నిండుతున్న కొద్దీ లాగుడు తగ్గే యంత్రమూ తగ్గని యంత్రమూ ఒకే గ్రేడు తెచ్చుకునేవి. డైసన్ కంపెనీ కోర్టుకెక్కింది. అయిదేళ్లు కొట్లాడాక 2018 నవంబరు 8న యూరోపియన్ యూనియన్ జనరల్ కోర్టు, ఖాళీ డబ్బాతో చేసిన పరీక్ష నిజంగా వాడే తీరుకు దగ్గరగా లేదని చెప్పి ఆ నిబంధననే కొట్టేసింది. 2019 జనవరిలో లేబుల్ పోయింది. డైసన్ తన వ్యాపారం కోసమే కొట్లాడి ఉండొచ్చు, అయినా పట్టుకున్న పాయింటు మాత్రం ప్రతి ఇల్లాలికీ తెలిసిందే. ఊడవడం మొదలెట్టిన అయిదు నిమిషాలకే ఏ డబ్బా ఖాళీగా ఉండదు. బ్యాటరీ యంత్రాలకైతే ఆ లేబుల్ మొదటి నుంచీ వర్తించనే లేదు.

మన దేశంలో ఫ్రిజ్‌కి నక్షత్రాలున్నాయి, ఏసీకి ఉన్నాయి. ముక్కుకు దగ్గరగా పెట్టుకుని నడిపే ఈ వస్తువుకు మాత్రం కొనేవాడికి కనపడేలా నేల మీద పనితనం చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. కంపెనీ ఏ సంఖ్య చెబితే అదే సత్యం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు తయారీదారు మీద పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర ప్రాధికార సంస్థకు ఉంది. ఒకే పెట్టె మీద 25,000, 45 పక్కపక్కన వేయడం తప్పుదోవ పట్టించడం కాకపోతే మరేమిటి?

ఇంకో సంగతి. తెల్లవారకముందే మా బడ్జ్ బడ్జ్ స్టేషన్‌లో సియాల్దా లోకల్ ఎక్కే ఆడవాళ్లను చూడండి. న్యూ ఆలీపూర్‌లో, లేక్ గార్డెన్స్‌లో, బాలీగంజ్‌లో దిగి నాలుగిళ్లు ఊడ్చి తుడిచి మధ్యాహ్నానికి తిరిగొస్తారు. నేల గురించి, దుమ్ము గురించి, ఏ సందులో ఏది ఇరుక్కుంటుందో వాళ్లకు తెలిసినంత ఏ ప్రయోగశాలకూ తెలియదు. వాళ్లలో ఒక్కరిని పిలిచి అరగంట ఈ యంత్రం నడిపించి ఉంటే బ్రష్షు తప్పని, గాలి చిల్లులు ముఖం మీదికి ఉన్నాయని, డబ్బా విప్పి దులిపేటప్పుడు పీల్చిన దుమ్మంతా మళ్లీ పైకి లేస్తుందని ఒక్క పూటలో చెప్పేసేవారు. ఎవరూ అడగలేదు. వస్తువు తయారు చేసేవాడు ఊడవడు. పరీక్షించేవాడూ ఊడవడు. ఊడ్చే మనిషి మాట ఎక్కడా నమోదు కాదు.

వదిన చెప్పిన మాట మాత్రం నేనిక్కడ నమోదు చేస్తాను. నేను ఆ ఎగిరిపడ్డ బియ్యం ఏరుతుంటే మంచం మీంచి లేచి వచ్చింది. "ఇది ఊడ్చినాక మళ్లీ నానే ఊడవాలంటే, దీనికి డబ్బెందుకెట్టినారు బాబూ?" అంది. కొండచీపురు తీయబోతే చేతిలోంచి లాక్కున్నాను. మన్యంలో గిరిజనులు కోసి తెచ్చే ఆ మెత్తని చీపురు ఇంతకంటే బాగా ఊడుస్తుంది, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆమె దాన్ని పట్టుకోకూడదనేగా ఇంత డబ్బు పోసింది! ఇప్పుడు పొద్దున్నే అన్నయ్య ముందు తడిగుడ్డ పెట్టి, ఆరాక చీపురు పెడుతున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, రాత్రి షిఫ్ట్ చేసి వచ్చి.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ప్రతి పెట్టె మీద నాలుగే నాలుగు మాటలు అచ్చు వేయించండి. డబ్బా సగం నిండాక గట్టి నేల మీద వంద గ్రాముల సన్న దుమ్ములో ఎంత ఎత్తింది. పగుల్లోంచి ఎంత తీసింది. వెనక నుంచి ఎంత వదిలింది. ఆ బలంతోనే ఎన్ని నిమిషాలు నడిచింది. ఈ నాలుగూ లేని యంత్రం అమ్మకానికి రాకూడదని ప్రభుత్వం నిబంధన పెట్టాలి. అప్పటిదాకా మీరు కొట్టుకు వెళితే నేల మీద పిండి చల్లి నడిపి చూపించమని అడగండి. చూపించకపోతే కొనకండి. ఆన్‌లైన్‌లో కొంటే వచ్చిన రోజే మీ నేల మీద నడిపి వీడియో తీయండి, వెనక్కి పంపే గడువు దాటనివ్వకండి. మేం దాటనిచ్చాం, అదే మేం చేసిన తప్పు.

పెట్టె, బిల్లు, మచ్చ పడిన ఆ రుమాలు జాగ్రత్తగా దాచాను. పోయిన సోమవారం 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పెట్టె మూలన పడి ఉంటే మీరూ చేయండి. ఆ నంబరులో తెలుగులోనూ మాట్లాడతారు.