సాంస్ చూసేది ఎవరు?

కొలనోస్కోపీ అనగానే మా ఖాందాన్‌లో అందరి ఖౌఫ్ ఒకటే: మత్తు ఇచ్చినంక మళ్లీ హోష్‌లోకి రాకపోతే? మైకేల్ జాక్సన్ పేరు తప్పకుండా వస్తది. 2009లో ఆయన జాన్ తీసింది ప్రొపోఫాల్ అనే ఆ పాలలాంటి తెల్లమందే, నిజమే. కానీ అది ఇంట్లో, పడకగదిలో, నిద్ర పట్టడం కోసం ఇచ్చిన్రు. సాంస్ మీద నిఘా పెట్టే సరైన మెషీన్లు కూడా లేవు.

మందు మీద ఇల్జామ్ వేసి పరీక్ష ఎగ్గొట్టడం నాకు పసంద్ లేదు. ప్రొపోఫాల్ నిమిషంలోపే పనిచేస్తది, ఆపినంక కొన్ని నిమిషాల్లోనే దిగిపోతది. ఖత్రా ఎక్కడంటే, కాస్త ఎక్కువైతే సాంస్ ఆగొచ్చు, బీపీ పడిపోవచ్చు. మిడజోలమ్‌కు విరుగుడు ఇంజెక్షన్ ఉంది, దీనికి లేదు. అప్పుడు మాస్క్ పెట్టి గాలి కొట్టే చెయ్యి పక్కనే ఉండాలె. ట్యూబు నడిపే డాక్టరే రెండూ చూసుకుంటానంటే నేనైతే లేచి వచ్చేస్త.

కాబట్టి ఖర్చెంత అనే సవాల్ కంటే ముందు, నా సాంస్ చూసేది ఎవరని అడగండి. అది మీ హక్. మీరూ ఏదీ చుపాయించొద్దు: గురక, ఆయాసం, రక్తం పలచబడే గోలీలు, అన్నీ చెప్పాలె. ముఖ్యంగా గురక. నిద్రలో సాంస్ ఆగే బీమారీ ఉన్నోళ్లకు మత్తులో తక్లీఫ్ ఎక్కువ. పొద్దున్నే "ఒక్క చాయే కదా" అని తాగొద్దు. కడుపులో పాలుంటే వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మత్తు లేకుండా చేయించుకునేటోళ్లూ ఉన్నరు, అదీ అడగొచ్చు. ఆ రోజు బండి మాత్రం నడపొద్దు, బేటానో బేటీనో వెంట తీసుకపోండి.