చార్జర్‌లో నాలుగు తలుపులు

తుపాను హెచ్చరిక రాగానే మా రామచంద్రపురంలో అందరం చేసే మొదటి పని, ఫోన్లు ఫుల్ చార్జ్ పెట్టుకోవడం. కరెంటు పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం కదా! 'ఇన్వర్టర్ ఉందిగా' అనే ధీమా ఒకటి. ఆ ధీమా సగమే నిజం. ఎందుకంటే...

గోడ ప్లగ్‌లో వచ్చేది ఏసీ. సముద్రపు పోటు, పాటులాగ ఓసారి ఇటు, ఓసారి అటు. కాకపోతే పోటూ పాటూ రోజుకు రెండుసార్లు, మన కరెంటు సెకనుకు 50 సార్లు. ఫోన్ బ్యాటరీకి మాత్రం ఒకే దిక్కున పారే డీసీ కావాలి.

పోటు నీరు కాల్వలోకి ఎగదన్నకుండా ఒకవైపే తెరుచుకునే తలుపు పెట్టామనుకోండి. డయోడ్ అంటే అదే. నాలుగు డయోడ్లు కలిపితే బ్రిడ్జ్ రెక్టిఫయర్. కరెంటు ఇటు తోస్తే రెండు తలుపులు, అటు తోస్తే మిగతా రెండు తెరుచుకుంటాయి. ఎటు తోసినా బయటికొచ్చే దారి ఒక్కటే. అలా సెకనుకు 100 తోపులుగా వచ్చేదాన్ని కెపాసిటర్ చెరువులా పట్టి, నిలకడగా వదులుతుంది. తర్వాతి సర్క్యూట్ దాన్ని 5 వోల్టులకో, 9 వోల్టులకో దించుతుంది.

ఇప్పుడు ఇన్వర్టర్ సంగతి. బ్యాటరీలో ఉన్నది డీసీయే. దాన్ని ఇన్వర్టర్ 230 వోల్టుల ఏసీ చేస్తుంది. చార్జర్ మళ్లీ డీసీ చేస్తుంది. మార్చిన ప్రతిసారీ కొంత వేడిగా పోతుంది. పైగా ఏమీ వాడకపోయినా, ఆన్‌లో ఉన్నంతసేపు ఇన్వర్టర్ కొంత తింటూనే ఉంటుంది. అది 15 వాట్లనుకుందాం. రోజంతా కలిపితే 360 వాట్-అవర్లు. 5000 ఎంఏహెచ్ ఫోన్‌లో పట్టేది సుమారు 19. అంటే పద్దెనిమిది ఫోన్లు నింపేంత కరెంటు ఊరికే పోయినట్టే!

మరేం చేయాలి? కార్లలో వాడే 12 వోల్టుల మొబైల్ చార్జర్‌ను ఫ్యూజ్ వేయించి నేరుగా ఇన్వర్టర్ బ్యాటరీకి పెట్టించుకోవచ్చు. అప్పుడు ఇన్వర్టర్ ఆపేసినా ఫోన్ ఎక్కుతుంది. రెండు బ్యాటరీల సెట్ అయితే 24 వోల్టులు ఉండొచ్చు, దానికి తగ్గ చార్జరే తీసుకోవాలి. సొంత ప్రయోగాలు వద్దు, ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. అదీ తుపాను రాకముందే. లైట్లు పోయిన మూడో రోజున అమ్మమ్మకు ఒక్క ఫోన్ కాల్ చేయగలిగితే చాలు కదండీ!