ఎన్ని పోర్టులున్నాయని కాదు, ఒక్కో పోర్టు ఏం చేస్తుందో అడుగుదాం

సెలవు రోజుల్లో సాయంత్రం ఐదయ్యేసరికి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నాలుగైదు రిమోట్ కార్లు రయ్యిమని తిరుగుతుంటాయి. పది, పదిహేను నిమిషాలకు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగిపోతుంది. అసలు గోల అప్పుడు మొదలవుతుంది. ‘నాన్నా, బ్యాటరీ అయిపోయింది. ఛార్జింగ్ ఇంకెంతసేపు?’ ఆ గోల పడలేక కిందటేడు ఒకేసారి నాలుగు బ్యాటరీలు పెట్టుకునే ఛార్జరు కొన్నాను. డబ్బా మీద ‘4 పోర్టులు’ అని చూశాను, ధర చూశాను, అంతే. రెండు నెలలు తిరక్కుండానే ఒక బ్యాటరీ బూరెలా ఉబ్బింది. మంట రాకపోవడం మా అదృష్టం. తర్వాత తెలిసింది, ఆ ఛార్జరుకు బ్యాలెన్స్ సాకెట్టే లేదని. అది చూడకుండా కొన్నది నేనే.

పిల్లలకు కారు కొనేటప్పుడు పది వీడియోలు చూస్తాం, నలుగురిని అడుగుతాం. ఛార్జరు దగ్గరికి వచ్చేసరికి ‘ఏదో ఒకటి ఇవ్వండి’ అంటాం. ఇది తలకిందుల వ్యవహారమని నా అభిప్రాయం. కారు చెడిపోతే ఆట ఆగుతుంది. ఛార్జరు సరిగ్గా లేకపోతే ఇంటికే ప్రమాదం.

షాపుకు వెళ్లేముందు కారు అడుగున మూత తీసి, బ్యాటరీ మీద ఏం రాసి ఉందో చదవండి. హాబీ కార్లలో ఎక్కువగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి నికెల్ మెటల్ హైడ్రైడ్. ఇందులో సెల్‌కు 1.2 వోల్టులు, ఆరు సెల్స్ కలిస్తే 7.2. రెండోది లైపో, అంటే లిథియం పాలిమర్. సెల్‌కు 3.7 వోల్టులు అని రాసి ఉంటుంది, నిండితే 4.2. రెండు సెల్స్ ఉంటే ‘2ఎస్’ అంటారు, అది 8.4 వోల్టుల దగ్గర నిండుతుంది. మూడు ఉంటే ‘3ఎస్’, 12.6 దగ్గర నిండుతుంది. ఈ రెండు రకాలనూ ఛార్జ్ చేసే పద్ధతి ఒకటి కాదు. నికెల్ బ్యాటరీ నిండగానే వోల్టేజి కొద్దిగా పడుతుంది, దాన్ని పసిగట్టి ఛార్జరు ఆపేస్తుంది. లైపోకు మొదట ఒకే కరెంటు ఇచ్చి, వోల్టేజి హద్దుకు చేరాక కరెంటును మెల్లగా తగ్గించాలి. లైపోను నికెల్ పద్ధతిలో పెడితే హద్దు దాటిపోయి మంటలు రేగే ప్రమాదం ఉంది. అందుకే ఏ పోర్టుకు ఆ పోర్టు రకం, సెల్స్ సంఖ్య విడివిడిగా ఎంచుకునే వీలు ఉండాలి.

‘మల్టీ పోర్ట్’ అన్న ఒక్క మాట వెనక వేర్వేరు వస్తువులుంటాయి. కొన్నింటిలో ప్రతి పోర్టుకూ సొంత సర్క్యూట్ ఉంటుంది. ఒకదానిలో నికెల్, పక్కదానిలో లైపో పెట్టినా దేని లెక్క దానిదే. పిల్లలున్న ఇంటికి ఇదే సరైనది. ఇంకొన్నింటిలో పోర్టులన్నీ ఒకే సెట్టింగుతో నడుస్తాయి. ఇక పారలల్ బోర్డు అని ఒకటి దొరుకుతుంది. అది ఛార్జరు కాదు, ఒకే ఛార్జరు నుంచి పలు బ్యాటరీలకు వైర్లు పంచే పలక. సెల్స్ సంఖ్య ఒకటే కాని బ్యాటరీలను దాని మీద కలపనే కూడదు. సంఖ్య ఒకటే అయినా ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా ఉంటే నిండిన దాంట్లోంచి ఖాళీదాంట్లోకి కరెంటు ఒక్కసారిగా ఉరుకుతుంది. అనుభవం ఉన్న పెద్దవాళ్లు వాడుకుంటే వాడుకోనివ్వండి, పిల్లల చేతికి మాత్రం వద్దు.

బ్యాలెన్స్ సంగతి కూడా చెప్పాలి. లైపోకు లావు వైర్లతో పాటు సన్న వైర్ల తెల్ల కనెక్టరు ఒకటి ఉంటుంది. 2ఎస్‌కు మూడు వైర్లు, 3ఎస్‌కు నాలుగు. ఛార్జరు ఒక్కో సెల్‌ను విడిగా చూసేది దానితోనే. అది లేకపోతే మొత్తం 8.4 వోల్టులే కనిపిస్తాయి. లోపల ఒక సెల్ 4.3కు ఎక్కి, రెండోది 4.1 దగ్గరే ఉన్నా మొత్తం 8.4 అవుతుంది. ఛార్జరు అంతా బాగుందనుకుంటుంది. నాలుగు పోర్టులుంటే నాలుగింటికీ బ్యాలెన్స్ సాకెట్ ఉండాలి.

ఇప్పుడు వేగం సంగతి. లైపోకు మామూలు పద్ధతి ఏమిటంటే, 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి 5 ఆంపియర్లు, 2200కు 2.2 ఆంపియర్లు. అలా పెడితే గంట, గంటంబావులో నిండుతుంది. 3ఎస్, 5000 బ్యాటరీకి 12.6ను 5తో హెచ్చిస్తే 63 వాట్లు కావాలి. డబ్బా మీద ‘80 వాట్లు, 4 పోర్టులు’ అని ఉండి, ఆ 80 అన్నిటికీ కలిపి అయితే, నాలుగూ పెట్టినప్పుడు ఒక్కోదానికి దక్కేది 20 వాట్లు. అంటే ఒకటిన్నర ఆంపియర్ల పైచిలుకు. ఒక్కో బ్యాటరీకి మూడు గంటలు దాటుతుంది. అదే పోర్టుకు 80 వాట్ల చొప్పున ఇచ్చే రెండు పోర్టుల ఛార్జరు మొదటి రెండింటిని గంటంబావులో, నాలుగింటినీ రెండున్నర గంటల్లో ముగిస్తుంది. ఇది పదో తరగతి విద్యుత్తు పాఠంలో ఉన్న లెక్కే. కొనేముందు పిల్లాడి చేతే చేయించండి. పరీక్షలో రాసే సూత్రం ఇంట్లో డబ్బు ఎలా ఆదా చేస్తుందో వాడికే అర్థమవుతుంది.

‘ఆటబొమ్మకు ఇంత ఖర్చా?’ అని మీరు అనవచ్చు. న్యాయమైన ప్రశ్న. చిన్న యూఎస్‌బీ తీగతో వచ్చిన కారుకైతే దానితో వచ్చిన తీగే చాలు, ఈ ఛార్జర్లేవీ అక్కర్లేదు. హాబీ కారు ఉండి బ్యాటరీలు రెండే ఉంటే రెండు పోర్టులు చాలు. మూడు నాలుగు బ్యాటరీలు నిజంగా వాడుతుంటేనే నాలుగు పోర్టుల వైపు చూడండి. కార్లు మారుతుంటాయి, మంచి ఛార్జరు మాత్రం తర్వాత కొన్న కార్లకూ పనికొస్తుంది.

షాపులో ఈ ఐదు అడగండి:

1. ప్రతి పోర్టుకూ సొంత సర్క్యూట్ ఉందా?
2. ప్రతి పోర్టుకూ బ్యాలెన్స్ సాకెట్ ఉందా?
3. రాసిన వాట్లు పోర్టుకా, అన్నిటికీ కలిపా?
4. ఇంటి 230 వోల్టుల ప్లగ్గుకు నేరుగా పెట్టవచ్చా, విడిగా పవర్ సప్లై కొనాలా? నేరుగా పెడితే వాట్లు తగ్గుతాయా?
5. స్టోరేజ్ మోడ్ ఉందా?

ఐదో ప్రశ్న మన ఇళ్లకు మరీ ముఖ్యం. పరీక్షలు వస్తున్నాయనగానే కారును అటకెక్కిస్తాం. నిండా ఛార్జ్ అయిన లైపో నెలల తరబడి అలాగే ఉంటే పాడవుతుంది, ఉబ్బుతుంది. పూర్తిగా ఖాళీ చేసి పెట్టినా చెడుతుంది. స్టోరేజ్ మోడ్ దాన్ని సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఆపుతుంది. కారును లోపల పెట్టే రోజున చేయాల్సిన పని ఇది.

ఇంత చూసి కొన్నా, అసలు ప్రమాదం మన టైంటేబుల్‌లోనే ఉంది. పిల్లాడు స్కూలు నుంచి వచ్చి, ట్యూషన్‌కు వెళ్లి, హోంవర్క్ ముగించేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. ‘రాత్రంతా ఛార్జింగ్ పెట్టేస్తే పొద్దున్నే రెడీ’ అనిపిస్తుంది. ఎక్కువ పోర్టుల మీద మోజు కూడా ఈ తొందరలోంచే పుడుతుంది. దయచేసి అలా చేయకండి. ఎంత ఖరీదైన ఛార్జరైనా అందరూ నిద్రపోతుండగా నడవకూడదు. పెద్దవాళ్లు ఒకరు మెలకువగా, అదే గదిలో ఉండాలి. పరుపు మీద, సోఫా మీద, కర్టెన్ల పక్కన కాకుండా టైల్స్ నేల మీద పెట్టాలి. ఆట ముగియగానే వేడి బ్యాటరీని పెట్టకూడదు, చల్లారనివ్వాలి. మన మే నెల ఎండల్లో ఇంకా ఎక్కువసేపు ఆగాలి. ఉబ్బినదాన్ని, దెబ్బ తగిలినదాన్ని మళ్లీ ఛార్జ్ చేయకూడదు. కరెంటు పోయి వస్తే సెట్టింగులు చూసుకుని మళ్లీ మొదలుపెట్టాలి. మంటను ఆలస్యం చేసే ప్రత్యేక సంచులు దొరుకుతాయి, వాడండి. కానీ సంచి ఉంది కదా అని వదిలేసి వెళ్లకండి. పొగ వస్తే పిల్లలు దూరంగా వెళ్లి పెద్దవాళ్లను పిలవాలని, ఆ పొగ పీల్చకూడదని, 101కి ఫోన్ చేయాలని ముందే చెప్పి ఉంచండి.

మా ఇంట్లో ఇప్పుడు రెండు పోర్టుల ఛార్జరు ఉంది. ఆదివారం పొద్దున టిఫిన్ల తర్వాతే అది బయటికి వస్తుంది. ఏ రకం, ఎన్ని సెల్స్, ఎన్ని ఆంపియర్లు అని మావాడు పైకి చదువుతాడు, నేను సరిచూస్తాను, ఆ తర్వాతే బటన్ నొక్కుతాడు. ఆ గంటంబావు ఇద్దరం అక్కడే కూర్చుంటాం. ‘ఇంకెంతసేపు?’ అని ఇప్పటికీ అడుగుతాడు. తెర మీద అంకెలు చూసి లెక్క కట్టి నువ్వే చెప్పమంటాను.