చట్టం అయ్యాక అడిగితే అది అడగడమా?

కెనడా అంటే మన రైతుకు మసూరు పప్పు, పసుపు బఠానీలు గుర్తొస్తాయి. ఓడల్లో వచ్చిపడే ఆ బఠానీలు మన కంది, శనగ ధరల్ని ఏం చేస్తున్నాయో మన సభల్లో చాలాసార్లు చెప్పుకున్నాం. ఈసారి చెప్పదలచింది వేరు. ఆ దేశపు ఉత్తరాన, పెద్దగా సేద్యమే లేని మంచు నేలల్లో, భూమి మీద, నీటి మీద చట్టాలు చేసేటప్పుడు అక్కడి ఆదివాసులను ముందుగా అడగాలా వద్దా అన్న పేచీ యాభై ఏళ్ళుగా నడుస్తోంది. నాగలి తిరగని నేల గొడవ మనకెందుకని అనిపించవచ్చు. 2020లో మూడు సాగు చట్టాలు ఎలా ఊడిపడ్డాయో గుర్తున్నవాళ్ళకు మాత్రం అలా అనిపించదు.

ఆ ప్రాంతం పేరు నార్త్‌వెస్ట్ టెరిటరీస్. విస్తీర్ణంలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు నాలుగు రెట్లకు పైనే ఉంటుంది, జనం మాత్రం నలభై వేల పైచిలుకు. అందులో దాదాపు సగం మంది ఆదివాసులు. డెనే జాతులవాళ్ళు తరతరాలుగా కారిబూ అనే జింకల మందలను వేటాడి, మెకెంజీ నదిలో, చుట్టుపక్కల చెరువుల్లో చేపలు పట్టి బతికారు. నేల కింద బంగారం, చమురు, వజ్రాలు ఉన్నాయి. గొడవంతా అక్కడే మొదలైంది.

అడగకుండా చేస్తే ఏమవుతుందో యెల్లోనైఫ్ పట్టణం పక్కనున్న జెయింట్ మైన్ చెబుతుంది. 1948లో మొదలైన బంగారు గని అది. ఖనిజాన్ని కాల్చి బంగారం తీస్తుంటే పొగతో పాటు ఆర్సెనిక్, అంటే పాషాణం, బయటికొచ్చేది. తొలి ఏళ్ళలో అది గాలిలో కలిసి మంచు మీద పడింది. ఆ మంచును కరిగించుకుని తాగేవాళ్ళు డెనేలు. 1951లో ఒక పసిబిడ్డ ఆ విషానికి బలయ్యాడు. ఆ తర్వాత పొగలోని దుమ్మును పట్టి గని లోపలి గదుల్లో నింపుతూ పోయారు. కంపెనీ 1999లో దివాలా తీసింది, 2004లో గని మూతపడింది. భూమి కింద 2,37,000 టన్నుల ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ మిగిలింది. దాన్ని నేలలోనే గడ్డకట్టించి కాపలా కాయడం, చుట్టూ శుభ్రం చేయడం కోసం 438 కోట్ల కెనడా డాలర్లు అవుతుందని 2022లో ప్రభుత్వం లెక్క కట్టింది. బంగారం కంపెనీలు పట్టుకుపోయాయి, బిల్లు జనం నెత్తిన పడింది. అడుగుతూ కూర్చుంటే పనులు జరగవనే పెద్దమనుషులు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

అడగడం ఎలాగో కూడా ఆ నేల మీదే తెలిసింది. ఆర్కిటిక్ నుంచి దక్షిణానికి గ్యాసు పైపులైను వేయాలని కంపెనీలు వస్తే, 1974లో కెనడా ప్రభుత్వం థామస్ బెర్జర్ అనే న్యాయమూర్తిని విచారణకు వేసింది. ఆయన రాజధానిలో కూర్చుని అభ్యంతరాలుంటే రాసి పంపండని నోటీసు అంటించలేదు. 35 ఊళ్ళు తిరిగాడు, దాదాపు వెయ్యి మంది చెప్పింది విన్నాడు. వాళ్ళ భాషల్లోనే మాట్లాడనిచ్చాడు, ఆ విచారణ కబుర్లు ఆ భాషల్లోనే రేడియోలో వచ్చేవి. అభ్యంతరం చెప్పేవాళ్ళు నిపుణులను పెట్టుకోవడానికి సర్కారు సొమ్ము ఇప్పించాడు. కంపెనీకి లాయర్ల దండు, ఎదుటివాడికి ఉత్త చేతులు ఉంటే అది విచారణ కాదని ఆయనకు తెలుసు. 1977లో ఇచ్చిన నివేదికలో, ఆదివాసుల భూమి హక్కులు తేలేదాకా మెకెంజీ లోయలో పదేళ్ళు పైపులైను మాటే వద్దన్నాడు. పక్కనున్న యుకాన్ ఉత్తర భాగంలో అసలే వద్దన్నాడు.

ఆ తర్వాత ఒక్కో జాతితో ఒప్పందాలు జరిగాయి. 1992లో గ్విచిన్, 1993లో సాహ్తూ, 2003లో త్లిచో. త్లిచోలు మూడు వేల మంది ఉంటారేమో, నాలుగే ఊళ్ళు. 39,000 చదరపు కిలోమీటర్ల నేల వాళ్ళదేనని ఒప్పందం తేల్చింది. మన రైతు గమనించాల్సింది మాత్రం నీటి సంగతి. ఈ ఒప్పందాల కింద, 1998లో వచ్చిన మెకెంజీ లోయ చట్టం కింద, ప్రాంతాలవారీగా భూమి-నీటి బోర్డులు ఏర్పడ్డాయి. గని కంపెనీ చెరువు నీళ్ళు తోడుకోవాలన్నా, వాడిన నీళ్ళు తిరిగి వదలాలన్నా ఆ బోర్డు లైసెన్సు తీసుకోవాలి. బోర్డులో సగం మంది ఆ ఆదివాసులు నియమించినవాళ్ళే. వినతిపత్రం పుచ్చుకుని వరండాలో నిలబడే బాపతు కాదు, సంతకం పెట్టే చోట కూర్చునే హక్కు.

2014లో దీనికే ఎసరు పెట్టారు. ఎసరు పెట్టిన తీరు చూడండి. భూమి, నీరు, ఖనిజాల మీద అధికారాన్ని కేంద్రం నుంచి ఆ ప్రాంత ప్రభుత్వానికి బదలాయించే బిల్లు అప్పుడు పార్లమెంటుకు వచ్చింది. ఉత్తరాది జనం చాలా ఏళ్ళుగా అడుగుతున్నదే. అదే బిల్లులో చివర మరో ముక్క చేర్చారు: ప్రాంతీయ బోర్డులన్నీ రద్దు, అందరికీ కలిపి 11 మందితో ఒకటే పెద్ద బోర్డు. సొంత బోర్డులో సగం కుర్చీలున్న త్లిచోలకు పదకొండింటిలో ఒకటి దక్కుతుంది. మొదటిది కావాలంటే రెండోది మింగాలి. తేనె పూసిన కత్తి అంటే ఇదే. అనుమతులు త్వరగా వస్తాయి, పెట్టుబడులు వస్తాయి అన్నది సర్కారు చెప్పిన కారణం. ఆ మాట మనం ఇక్కడ తెలుగులో కూడా విన్నాం.

మాతో చేసుకున్న ఒప్పందాన్ని మీరొక్కరే ఎలా మారుస్తారని త్లిచో ప్రభుత్వం కోర్టుకెక్కింది. విలీనం 2015 ఏప్రిల్‌లో జరగాలి, ఫిబ్రవరిలోనే అక్కడి సుప్రీంకోర్టు ఆపేసింది. ఆ ఏడే ఢిల్లీలాంటి ఒట్టావాలో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం ఆ విలీనాన్ని రద్దుచేస్తూ 2019లో చట్టం తెచ్చింది. మూడు వేల మంది, ఒక ఒప్పందం కాగితం, ఒక కోర్టు. బోర్డు నిలబడింది.

కోర్టులు ఎప్పుడూ ఇలా కాపాడతాయని మాత్రం అనుకోవద్దు. 2012లో కెనడా పార్లమెంటు రెండు లావుపాటి బిల్లులు చేసి పర్యావరణ చట్టాలను పలుచన చేసింది. పడవలు నడిచే నీళ్ళన్నిటికీ ఉన్న రక్షణను కుదించి, జాబితాలో 3 సముద్రాలు, 97 చెరువులు, 62 నదులు మాత్రం మిగిల్చింది. లక్షల చెరువులున్న దేశంలో 97! మా వేట, మా చేపలు ఈ నీళ్ళ మీదే ఆధారపడ్డాయి, 1899 నాటి ఒడంబడిక ఉంది, బిల్లు రాసేముందు మమ్మల్ని అడగాలి కదా అని ఉత్తర ఆల్బర్టాకు చెందిన మికిస్యూ క్రీ జాతివాళ్ళు దావా వేశారు. ఒక గనికో రోడ్డుకో అనుమతి ఇచ్చేముందు ఆదివాసులను సంప్రదించి తీరాలని ఆ దేశ సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. చట్టం చేసేముందు మాత్రం ఆ బాధ్యత లేదని 2018లో తేల్చింది. అంటే కాలువ తవ్వడానికి అడగాలట, కాలువల చట్టం మార్చడానికి అక్కరలేదట! అసలు నష్టం జరిగేది చట్టంలోనే. దాని కింద వచ్చే అనుమతులన్నీ దాని పిల్లలే.

2007 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటన దీనికి విరుద్ధంగా చెబుతుంది. ఆదివాసుల మీద ప్రభావం చూపే చట్టాలు చేసేముందే, ఒత్తిడి లేకుండా, పూర్తి సమాచారంతో వాళ్ళ సమ్మతి కోసం సంప్రదించాలని అందులో ఉంది. అప్పుడు వ్యతిరేకంగా ఓటేసిన నాలుగు దేశాల్లో కెనడా ఒకటి. మన దేశం అనుకూలంగా వేసింది. 2021లో కెనడా దారి మార్చుకుని ఆ ప్రకటనను అమలు చేస్తానని చట్టం చేసుకుంది. నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో ఇప్పుడు భూమి, ఖనిజాల చట్టాల ముసాయిదా రాసే దశలోనే ఆదివాసీ ప్రభుత్వాల మనుషులు కలిసి కూర్చుంటున్నారు. ఇలా కూర్చోబెడితే అన్నిటికీ అడ్డం పడతారన్నది ఉత్త భయం. 2021లో ఒక త్లిచో ఊరికి 97 కిలోమీటర్ల రోడ్డు వేశారు, ఆ పనిలో త్లిచో ప్రభుత్వమే భాగస్వామి. అడిగితే వద్దనే అంటారని ముందే అనుకునేవాడు తన పథకంలో లొసుగు ఉందని తానే ఒప్పుకుంటున్నాడు.

అయినా పాత బుద్ధి పోలేదు. 2025 జూన్ 6న పెద్ద ప్రాజెక్టులకు త్వరత్వరగా అనుమతులిచ్చే బిల్లు పెట్టి, 26న చట్టం చేసేశారు. చదువుకునే సమయం కూడా ఇవ్వలేదని ఆదివాసీ నాయకులు మొత్తుకున్నారు. ప్రధాని వాళ్ళను సమావేశానికి పిలిచింది జులైలో.

మన దగ్గరా అచ్చం ఇదే వరస. 2020 జూన్‌లో ఆర్డినెన్సులు, సెప్టెంబరులో చట్టాలు. రైతు సంఘాలతో 11 విడతల చర్చలు జరిగింది ఆ తర్వాత, అందులో ఎక్కువ భాగం ఢిల్లీ సరిహద్దుల్లో చలిలో రైతు కూర్చున్నాక. ముసాయిదా బిల్లులను 30 రోజులు జనం ముందు పెట్టాలని 2014లో కేంద్రమే నిర్ణయం చేసుకుంది. అది చట్టం కాదు గనుక ఎవరూ లెక్కచేయరు. ఆ 2014లోనే పోలవరం కోసం ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ ఆర్డినెన్సు తెచ్చారు. ఆ కోయ, కొండరెడ్డి ఊళ్ళన్నీ పీసా చట్టం ఉన్న షెడ్యూల్డు ప్రాంతం. ఏ రాష్ట్రంలో ఉంటారో, ఎవరి ముంపులో మునుగుతారో గ్రామసభల ముందు పెట్టి తేల్చింది కాదు. మైదాన ప్రాంత రైతులుగా అప్పుడు మనలో చాలామంది దాన్ని రెండు రాష్ట్రాల తగాదాగా చూశారు. ఎవరిని అడిగారని అడిగినవాళ్ళు తక్కువ.

నీటి సంఘాల చట్టం 1997లో వచ్చింది. కాలువలో పూడిక తీసే బాధ్యత రైతు చేతికి వచ్చింది గానీ రిజర్వాయరు నుంచి ఎప్పుడు ఎంత వదలాలన్నది రాలేదు. రాష్ట్ర విభజన చట్టం కింద కృష్ణా, గోదావరి నదుల యాజమాన్య బోర్డులు పెట్టారు. వాటిలో అధికారులు, ఇంజనీర్లు ఉన్నారు. ఆయకట్టు రైతు ఒక్కడు లేడు, ముంపు గ్రామాల ఆదివాసీ ఒక్కడు లేడు. త్లిచోలకున్నట్టు సగం కుర్చీలు ఈ పూటే ఇస్తారని ఎవరూ ఆశపడటం లేదు. రాబోయే మహాసభలో మన సంఘం పెట్టే తీర్మానంలో మాత్రం రెండు విషయాలు ఉండాలి: భూమి, నీటి మీద వచ్చే ఏ ముసాయిదా అయినా తెలుగులో గ్రామసభకు రావాలి, చర్చకు కనీసం 30 రోజులు ఇవ్వాలని చట్టంలోనే రాయాలి, ఆ రెండు నదీ బోర్డుల్లో ఆయకట్టు రైతులకూ, షెడ్యూల్డు ప్రాంత గ్రామసభలకూ ఓటు హక్కున్న స్థానాలు కావాలి. జిల్లా కమిటీలు తమ సవరణలను మహాసభకు ముందే పంపాలి.