కుట్టేది వైద్యుడు, అతికించుకునేది శరీరం

ఒక చిన్న పని చేసి చూడండి. కుడిచేతి బొటనవేలిని అరచేతిలోకి మడిచి, గుడ్డపీలికతో వదులుగా కట్టండి. ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోండి. తాళం తిప్పండి. బలపం పట్టుకుని పలక మీద మీ పేరు రాయండి. మార్కాపురం పలక ఎంత నునుపైనదైనా బలపం చేతిలో నిలవదు! అంగవైకల్యాన్ని లెక్కగట్టే వైద్య పద్ధతుల్లో చేతి విలువలో సుమారు 40 శాతం ఒక్క బొటనవేలికే కేటాయించడం ఊరకే కాదు.

ఆ వేలి పట్టుకు కండరాలు ఒక్కటే చాలవు. బొటనవేలు అరచేతిని కలిసే కీలు దగ్గర, చూపుడువేలి వైపున, రెండు ఎముకలను కలిపి ఉంచే చిన్న పీచుపట్టీ ఒకటి ఉంటుంది. ఇలాంటి పట్టీలనే సంధి బంధనాలు, లిగమెంట్లు అంటారు. కబడ్డీలో ఎదుటివాని బట్టలో వేలు చిక్కుకున్నా, సైకిలు మీద నుంచి చేయి ఆనించి పడినా, వేలు బయటికి విరుచుకుని ఈ పట్టీ తెగవచ్చు.

1955లో క్యాంప్‌బెల్ అనే వైద్యుడు స్కాట్లాండులో వేటభూముల కాపలాదారుల బొటనవేళ్ళలో ఈ పట్టీ వదులైపోవడాన్ని వివరించాడు. కుందేళ్ళ మెడ విరవడం వారి పనిలో భాగం. ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడికి పట్టీ సాగిపోయేది. 1962లో స్వీడన్ వైద్యుడు స్టెనర్ మరో సంగతి చెప్పాడు. పూర్తిగా తెగిన పట్టీ కొస ఒక్కొక్కసారి పక్కనున్న పొర మీదికి జారిపోతుంది. అప్పుడు కొసకూ ఎముకకూ మధ్య ఆ పొర అడ్డం పడుతుంది. ఎన్నాళ్ళు కట్టు కట్టినా అతకదు. నూనె రాసి లాగితే మేలు జరగకపోగా కీడు జరుగుతుంది. శస్త్రచికిత్స చేయవలసిందే. "బెణుకే కదా" అని నెలలు గడిపేస్తే పాత పట్టీ తరచు కుట్టడానికి కూడా పనికిరాదు. అప్పుడు ముంజేతి నుంచి సన్నని స్నాయుబంధనం ఒకటి తీసి, ఎముకలకు బిగించి, కొత్త పట్టీగా అమరుస్తారు.

"మరి ముంజేతిలో లోటు రాదా?" అని మీరు అడగవచ్చు. బొటనవేలి కొసను చిటికెనవేలి కొసకు ఆనించి, మణికట్టును కొద్దిగా లోపలికి వంచండి. మధ్యలో తాడులా ఉబికేది చాలామందికి కనిపిస్తుంది. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు. అయినా వారి పనులకు ఆటంకం లేదు. అందుకే వైద్యులు తరచు దాన్నే అరువు తీసుకుంటారు.

ఆపరేషన్ కాగానే వైద్యం పూర్తయిందని మనలో చాలామంది అనుకుంటారు. సగమే అయిందని నేనంటాను. అమర్చిన తాడుకు మొదట సొంత రక్తప్రసరణ ఉండదు. చుట్టుపక్కల నుంచి సన్నని రక్తనాళాలు దానిలోకి పెరగాలి. కణాలు చేరి కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులను తయారుచేయాలి. ఆ పోగులు మొదట వామిలోని గడ్డిపరకల్లా అడ్డదిడ్డంగా ఉంటాయి. తగుమాత్రం లాగుడు తగిలేకొద్దీ, పేనిన పగ్గంలా ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. దీనికి నెలలు పడుతుంది.

అందుకే సాధారణంగా 4 నుంచి 6 వారాలు కట్టు ఉంచుతారు. తర్వాత వేలిని మెల్లగా వంచి చాచే వ్యాయామాలు. ఆపైన మెత్తని ముద్దను నొక్కడం వంటి బలం పెంచే పనులు. బరువులు, ఆటలు 3, 4 నెలల తర్వాతే. ఎవరికి ఎప్పుడన్నది వైద్యుడే చెప్పాలి. తొందరపడి కట్టు ముందే విప్పితే కొత్త పట్టీ సాగుతుంది. భయపడి, విప్పాక కూడా కదపకపోతే కీలు బిగుసుకుపోతుంది. తొందరా చేటే, భయమూ చేటే.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1940ల చివరి నుంచి డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠువ్యాధి వల్ల వంగిపోయిన వేళ్ళకు స్నాయుబంధనాలు మార్చి, ఆ చేతులను మళ్ళీ పనికి తెచ్చాడు. అక్కడ కూడా కత్తి పని కొద్దిసేపే. వేళ్ళకు కొత్త కదలిక నేర్పే వ్యాయామం వారాల తరబడి సాగేది.

"కూలికి పోకపోతే జరిగేదెలా?" అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా బేస్తవారిపేట వైపు మిరపకాయలు కోసే చేతికీ, పాలు పితికే చేతికీ బొటనవేలే ఆధారం. కానీ తొందరపడితే పోయేది కొన్నాళ్ళ కూలి కాదు, జీవితకాలపు పట్టు. ప్రతి వ్యాయామానికీ బస్సెక్కి మార్కాపురమో ఒంగోలో పోవడం అందరికీ సాధ్యం కాదు. అందువల్ల ఏ ఆసుపత్రి అయినా రోగిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం తెలుగులో, బొమ్మలతో ఉండాలి. ఏ వారం ఏ కదలిక, రోజుకు ఎన్నిసార్లు, ఏది చేయకూడదు, వేళ్ళు నీలంగా మారినా తిమ్మిరెక్కినా వెంటనే రావాలి అన్న సంగతులు అందులో ఉండాలి. మందుచీటీకి ఉన్న విలువ ఆ కాగితానికీ ఇవ్వాలి.

మీ వంతు కూడా ఉంది. మీ తరగతిలో ఎవరైనా చేతికట్టుతో కూర్చుంటే నోట్సు రాసిపెట్టండి, సంచి అందుకోండి. కట్టు విప్పిన మర్నాడే కబడ్డీకి రాలేదని పిరికివాడనకండి. పిలిచే ముందు ఒక్క మాట అడగండి: "డాక్టరుగారు ఆడమన్నారా?"